రెండోసారి వచ్చిన మిక్సీని ఏం చేయాలె?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. ఆన్‌లైన్‌ల ఒక మిక్సీ తెప్పించుకున్నం. అది వచ్చిన మర్నాడే, అదే ఆర్డర్ నంబర్‌తోని అచ్చం అట్లాంటిదే ఇంకొకటి వచ్చింది. పైసలు మాత్రం ఒక్కదానికే కట్ అయినయ్.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మా సిస్టంల ఒక్కటే చూపిస్తుంది మేడం, రిటర్న్ పెట్టలేం" అంటున్నరు. మా అత్తమ్మేమో, మనం అడిగినం, వాళ్లు వద్దన్నరు, ఇంక మనదే కదా, ఆడబిడ్డకు ఇద్దాం అంటుంది. నాకు మనసొప్పుతలేదు. కంపెనీ పెద్దదే కావచ్చు. కానీ లెక్క తేలకపోతే ఆ నష్టం మా గల్లీకి డెలివరీ తెచ్చే పిలగాని జీతంల కోస్తరేమో అని నా భయం. అమ్మినాయన కూడా ఎక్కడో చిన్న వ్యాపారే అయ్యుండొచ్చు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున చేతికొచ్చిన పైసలైనా, సరుకైనా తిరిగి ఇయ్యాల్సిందే. మరి తీసుకునేటోళ్లే ముందుకు రాకపోతే ఎన్ని రోజులు దాచిపెట్టాలె? మెయిల్ పెట్టి గడువు ఇస్తే సరిపోతదా? లేకపోతే బిల్లు మీదున్న అమ్మకందారు అడ్రస్‌కు నేనే ఉత్తరం రాయాల్నా? 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌ వాళ్లు ఇట్లాంటివి పట్టించుకుంటరా?

డబ్బా ఇంకా విప్పలేదు. ఇట్లా జరిగినోళ్లు ఎవరన్నా ఉంటే, మీరేం చేసిన్రో దయచేసి చెప్పండి.