పల్లెలో ట్రైనింగ్, బెంగళూరులో ఉద్యోగం: మా తమ్ముణ్ణి పంపాలా వద్దా?

సీమబిడ్డ_బొమ్మనహళ్ళి:

అందరికీ నమస్కారం. నేను బొమ్మనహళ్ళిలో ఉంటాను, ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. సొంతూరు కదిరి దగ్గర పల్లె. అడగాల్సింది మా చిన్నాన్న కొడుకు గురించి. వాడికి 20 ఏళ్ళు. పది పాసయ్యాడు, ఇంటర్ మొదటి ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోయాక మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు. ఉన్న నాలుగెకరాల్లో శెనక్కాయ వేస్తారు. వాన పడితే పంట, పడకపోతే పశువులకు మేత. పోయిన ఎండాకాలం మూడో బోరు కూడా ఎండిపోయింది. వాడు పొద్దున లేచి సెంటర్లో టీ కొట్టు దగ్గర కూర్చుంటే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతున్నాడంట.

పోయిన వారం ఊరి సచివాలయం దగ్గరికి ఒక ట్రైనింగ్ సెంటరు వాళ్ళు వచ్చి కరపత్రాలు పంచారు. మూడు నెలలు ఉచిత శిక్షణ, హాస్టలు, భోజనం, యూనిఫాం, అయిపోగానే బెంగళూరులో ఉద్యోగం. చిన్నాన్న రాత్రి ఫోన్ చేసి "నువ్వు ఆడనే ఉండావు కదా నాయనా, నువ్వు సరే అంటే పంపిస్తా" అన్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

ఎందుకంటే మా మేనత్త కూతురు నాలుగేళ్ళ కింద ఇలాంటి సెంటర్లోనే కుట్టుమిషన్ నేర్చుకుని, వాళ్ళు చూపించిన ఉద్యోగానికే ఇక్కడికి వచ్చింది, 40 రోజులకు తిరిగి వెళ్ళిపోయింది. పని చేతకాక కాదు. కాలర్ కుట్టడంలో ఆ పిల్ల చెయ్యి చాలా నీటు. హాస్టల్ గదిలో పన్నెండు మంది, ఒక బాత్రూము, తెల్లవారి నాలుగింటికే బకెట్లు వరసలో పెట్టుకోవాలి, జ్వరం వచ్చి మూడు రోజులు పడుకుంటే పంపినవాళ్ళు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. సర్టిఫికెట్ ఇప్పటికీ వాళ్ళింట్లో ట్రంకుపెట్టెలో కవరు విప్పకుండా ఉంది. నేను ఆమెకు రెండు స్టాపుల దూరంలోనే ఉండేవాణ్ణి, ఆ 40 రోజుల్లో రెండుసార్లే వెళ్ళాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇలాంటి ట్రైనింగ్ చేసి ఇక్కడ నిలదొక్కుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేరే ముందు ఏం చూసుకోవాలి? లేకపోతే ఊరి దగ్గరే నేర్చుకునేది ఏదైనా మంచిదా?

—

జిగణి_లైన్_మేట్:

అన్నా, నేను అలా వచ్చినవాణ్ణే. మాది పత్తికొండ వైపు. 2018లో డీడీయూ జీకేవై కింద మూడు నెలలు చేశాను. అంటే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, కేంద్రం 2014లో మొదలుపెట్టింది, మన ఆంధ్రలో సీడాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. 15 నుంచి 35 ఏళ్ళ లోపు పల్లె పిల్లలకు ఇది, నిజంగానే ఉచితం, ఎవరైనా చేరడానికి డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయమని చెప్పండి.

ట్రైనింగ్ బాగానే జరిగింది. పొద్దునా సాయంత్రం వేలిముద్ర, కొంచెం కంప్యూటరు, కొంచెం ఇంగ్లీషు, సోల్డరింగ్. మా బ్యాచ్ నుంచి 28 మందిమి ఒకే బస్సులో బెంగళూరు వచ్చాం. దసరాకి తొమ్మిది మంది ఊరికి పోయి మళ్ళీ రాలేదు. అందరూ "పల్లె పిల్లలు, కష్టానికి ఆగరు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది, అందుకే లెక్క చెబుతాను వినండి.

మేము చేరింది నెలలో 18వ తారీఖు. రూముకు అడ్వాన్సు 30 వేలు అడిగారు, ఆరుగురం తలా ఐదు వేలు వేసుకున్నాం. చేతిలో ఉన్నది ఇంటి నుంచి తెచ్చుకున్న ఏడు వేలు. మిగిలిన రెండు వేలతో చాప, స్టవ్వు, బియ్యం, బస్సు. మొదటి జీతం తర్వాతి నెల పదో తారీఖున పడింది, అది కూడా పన్నెండు రోజులకే, అందులో పీఎఫ్, ఈఎస్ఐ, క్యాంటీన్ పట్టుకుని నాలుగు వేలు కూడా రాలేదు. ఇంట్లో వాళ్ళేమో ఉద్యోగం వచ్చింది కదా డబ్బు పంపుతాడని చూస్తుంటారు. ఆ నెలన్నరలోనే పిల్లలు వెళ్ళిపోయేది. పని చేయలేక పోయినవాడు మాలో ఒక్కడే.

ఇంకో సంగతి. ఈ పథకంలో ఉద్యోగం ఇచ్చిన తర్వాత కూడా నెలకు వెయ్యి చొప్పున పిల్లలకు సాయం ఉంటుంది. మా బ్యాచ్‌కి సొంత జిల్లాలో చేరితే రెండు నెలలు, సొంత రాష్ట్రంలో అయితే మూడు, వేరే రాష్ట్రమైతే ఆరు నెలలు అని చెప్పారు. మాకు వచ్చింది, కానీ నాలుగో నెలలో మొత్తం కలిపి వచ్చింది. మొదటి నెలలోనే వచ్చి ఉంటే ఆ తొమ్మిది మందిలో సగం మంది ఆగేవాళ్ళని నా నమ్మకం. సెంటరు వాళ్ళకు కూడా పిల్లవాడు మూడు నెలలు ఉద్యోగంలో ఉంటేనే అది ఉద్యోగం ఇచ్చినట్టు లెక్క, శిక్షణ ఇచ్చినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి చూపించాలి. కాబట్టి మీరు గట్టిగా అడగండి, అడిగేవాళ్ళుంటే వాళ్ళూ పట్టించుకుంటారు.

చేరే ముందు ఒకే ఒక పని చేయండి. పోయిన బ్యాచ్‌లో ఐదుగురి ఫోన్ నంబర్లు సెంటరు వాళ్ళను అడగండి. ఇవ్వకపోతే అదే మీకు జవాబు. ఇస్తే మధ్యాహ్నం చేయకండి, షిఫ్టు దిగాక రాత్రి చేయండి, అప్పుడు నిజం మాట్లాడతారు.

—

పీణ్య_సూపర్‌వైజర్:

బెంగళూరు వచ్చి పందొమ్మిదేళ్ళు, ప్రస్తుతం పీణ్యలో మెషిన్ షాపు. నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి.

మూడు నెలల కోర్సు చేసిన అబ్బాయిని కంపెనీ తీసుకునేది లైన్లో నిలబెట్టడానికి. స్క్రూ బిగించడం, ప్యాకింగ్, చెకింగ్. అందులో తప్పేమీ లేదు, ఎన్నో ఇళ్ళు దానిమీద నడుస్తున్నాయి. కానీ ఐదేళ్ళ తర్వాత కూడా అదే లైన్లో, కాంట్రాక్టు కింద, అదే జీతానికి అటూ ఇటూగా ఉంటాడు. మీవాడికి 20 ఏళ్ళేగా. పది పాసయ్యాడు. రెండేళ్ళు ఐటీఐ ఎందుకు చేయకూడదు? ఫిట్టరో, ఎలక్ట్రీషియనో. వెల్డర్ అయితే ఏడాదే. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ ఇస్తారు, 1961 నుంచే దానికి చట్టం ఉంది, పూర్తయ్యాక జాతీయ స్థాయి సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితం చూపిస్తే ఏ మెషిన్ షాపులోనైనా గేటు దాటి లోపలికి పిలిచి మాట్లాడతారు.

ఐటీఐలన్నీ మంచివని అనడం లేదు. మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళకు నేను వెర్నియర్ కాలిపర్ చేతికిచ్చి ఒక షాఫ్టు వ్యాసం కొలవమంటాను. పోయిన ఏడాది వరసగా ఆరుగురు దాన్ని తిప్పితిప్పి చూసి బల్లమీద పెట్టేశారు. రెండేళ్ళు చదివినవాళ్ళే. ఏడోవాడు మదనపల్లె వైపు కుర్రాడు. ముందు రెండు దవడలూ దగ్గరికి మూసి సున్నా కలుస్తోందా లేదా చూసుకున్నాడు, ఆ తర్వాత కొలిచి రెండో దశాంశం వరకు సరిగ్గా చెప్పాడు. ఎలా వచ్చిందిరా అంటే, "మా సారు రోజూ పొద్దున హాజరు ముందు ఏదో ఒక ముక్క కొలిపించేవాడు సార్, తప్పు చెబితే ఆ రోజు లేత్ ముట్టుకోనిచ్చేవాడు కాదు" అన్నాడు. ఆ సారు ఎవరో నాకు తెలియదు కానీ ఆయనకు దండం పెట్టాలనిపించింది. కాలేజీ చూసేటప్పుడు బిల్డింగు చూడకండి, వర్క్‌షాపులోకి వెళ్ళి మెషిన్ల కింద ఇనుప రజను ఉందా లేదా చూడండి. నేల అద్దంలా మెరుస్తుంటే అక్కడ పని జరగడం లేదని అర్థం.

—

హిందూపురం_అక్క:

పైన అన్నలిద్దరూ చెప్పింది నిజమే కానీ ఇద్దరూ పిల్లవాణ్ణి ఊరు దాటించే దారే చెప్పారు. పోస్టు పెట్టిన తమ్ముడు చివర్లో అడిగింది ఎవరూ పట్టించుకోలేదు, ఊరి దగ్గరే ఏమైనా ఉందా అని.

ఉంది. అనంతపురంలో రూడ్‌సెట్ సంస్థ ఉంది. ఇది కర్ణాటకలోనే పుట్టింది, 1982లో ధర్మస్థల దగ్గర ఉజిరెలో, ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టాయి. అది చూసే తర్వాత కేంద్రం ప్రతి జిల్లాకూ బ్యాంకుల చేత ఇలాంటిది ఒకటి పెట్టించే పని మొదలుపెట్టింది, వాటినే ఆర్‌సెటీ అంటారు. ఉద్యోగం చూపించరు, సొంతంగా పని పెట్టుకోవడం నేర్పిస్తారు. 18 నిండితే చాలు. అక్కడే ఉండి నేర్చుకోవాలి, తిండి, బస వాళ్ళదే.

మా అన్న అక్కడ 30 రోజులు మోటార్ రివైండింగ్ నేర్చుకున్నాడు. అప్పటిదాకా మా ఊళ్ళో మోటరు కాలితే బోరులోంచి పైకి లాగి, ఆటోలో వేసుకుని హిందూపురం తీసుకుపోయి, అక్కడ రెండు మూడు రోజులు ఆగి తెచ్చుకోవాలి. టమాటా పూత మీద ఉన్నప్పుడు మూడు రోజులు నీళ్ళు లేకపోతే ఆ రైతు గతేంటో మీకు తెలుసు. అన్న మొదటి మోటరు విప్పిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. కాలిన వార్నిష్ వాసన వాకిలంతా కొట్టింది. పాత తీగ కోసి తీస్తూ ఎన్ని చుట్లున్నాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాడు, ఒకచోట లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చాడు. మా అమ్మ అన్నం పెట్టుకుని రెండుసార్లు పిలిచినా లేవలేదు. రాత్రి పదకొండుకి తొట్టిలో నీళ్ళు పోసి ఆన్ చేస్తే తిరిగింది. ఆ మోటరు మా పక్క పొలం పెద్దాయనది, ఆయన డబ్బుతో పాటు ఒక బుట్ట వంకాయలు తెచ్చిచ్చాడు.

కష్టం అప్పు దగ్గర వచ్చింది. ట్రైనింగ్ అయితే లోన్ దానంతటదే వస్తుందని అనుకున్నాం, రాదు. బ్యాంకు చుట్టూ ఐదు నెలలు తిరిగాడు. చివరికి సంస్థ వాళ్ళే ఫోన్ చేసి మాట్లాడారు, ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళ వరకు మన వెంట ఉండి కనుక్కుంటూ ఉండాలని వాళ్ళకు నియమం, అది వాడుకోండి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోన్లలో మొదటి మెట్టు 50 వేల వరకు. అంతకంటే పెద్దగా పెట్టాలనుకుంటే పీఎంఈజీపీ అని కేంద్రం సబ్సిడీ లోను పథకం ఉంది, పల్లెల్లో 25 శాతం సబ్సిడీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకూ ఆడవాళ్ళకూ 35 శాతం. మీ మేనత్త కూతురికి కూడా ఈ మాట చెప్పండి తమ్ముడూ. కాలర్ అంత నీటుగా కుట్టే పిల్ల చెయ్యి ఖాళీగా ఉండకూడదు.

—

పెనుకొండ_రైతుబిడ్డ:

ఒక మాట. 2019లో మన ఆంధ్రలో చట్టం చేశారు, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని, నైపుణ్యం ఉన్నవాళ్ళు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి కంపెనీయే మూడేళ్ళలో నేర్పించి తీసుకోవాలని. అదే ఏడాది మా పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలైంది. మన మండలాల పిల్లలు పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే దూరంలో ఇవన్నీ ఉన్నప్పుడు బెంగళూరులో చాపల మీద ఎందుకు పడుకోవాలి? నేర్పించేది దగ్గర్లో ఉన్న ఫ్యాక్టరీకి కావలసిన పని అయితే, ఉద్యోగం అక్కడే అయితే, జిగణి తమ్ముడు చెప్పిన ఆ అడ్వాన్సు, బియ్యం, స్టవ్వు లెక్కే ఉండదు. చట్టం చేయడంతో ఆపేస్తే కుదరదు, ప్రతి మండలంలో ఎంతమందికి నేర్పించారు, ఎంతమంది చేరారు అని పేర్లతో సహా సచివాలయం గోడమీద అంటించాలి. మేము దీనిమీద గ్రామసభలో అడిగాం, మళ్ళీ అడుగుతాం.

—

సీమబిడ్డ_బొమ్మనహళ్ళి:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. సెంటరు వాళ్ళకు ఫోన్ చేసి పోయిన బ్యాచ్ నంబర్లు అడిగాను. మొదట రేపు ఇస్తామన్నారు, మూడో రోజు ఐదింటికి రెండు ఇచ్చారు. ఒకటి స్విచాఫ్. రెండోది ధర్మవరం అబ్బాయి, రాత్రి పదిన్నరకి ఎత్తాడు, బొమ్మసంద్రలో ఉన్నాడంట. పని పరవాలేదన్నా, రూము దొరకడమే కష్టమైంది అన్నాడు. ఆదివారం వెళ్ళి కలుస్తానని చెప్పాను.

తమ్ముడితోనూ మాట్లాడాను. ఇన్నిరోజులూ వాణ్ణి ఎవరూ ఏం కావాలిరా అని అడగలేదు, నేనూ అడగలేదు, చిన్నాన్నతోనే మాట్లాడుతున్నాను. వాడికి కరెంటు పని ఇష్టమంట. మా ఊరి లైన్‌మన్ వెంట తిరిగి స్టార్టర్ బాక్సులు బాగుచేస్తున్నాడంట, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. టీ కొట్టు దగ్గర కూర్చునేది ఆయన కోసమే. హిందూపురం అక్కా, మీ అన్న అనంతపురంలో ఎవరిని కలిశాడో, అప్లికేషన్‌కి ఏమేం తీసుకెళ్ళాలో కొంచెం చెప్పండి. వచ్చే శనివారం సెలవు పెట్టి వాణ్ణి తీసుకుని నేనే వెళ్తాను.

—

హిందూపురం_అక్క:

ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల లిస్టు, బ్యాంకు పాసుబుక్కు, నాలుగు ఫొటోలు పెట్టుకోండి. వెళ్ళే ముందు ఫోన్ చేసి బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో అడగండి, మోటార్ రివైండింగ్ ఎప్పుడూ ఉండదు, ఏడాదికి ఇన్ని బ్యాచ్‌లని ముందే రాసిపెట్టుకుంటారు. శనివారం రెండోదో నాలుగోదో కాకుండా చూసుకోండి, బ్యాంకు సంస్థ కదా. తమ్ముణ్ణి ఆ స్టార్టర్ పని సంగతి వాళ్ళ ముందు చెప్పమనండి, మీరు చెప్పకండి.