అప్‌డేట్: నాన్నగారి పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కింది

రెండు గిగాబైట్ల మెమరీ ఉన్న మా పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తుంటే ప్రతిసారీ మధ్యలో ఆగిపోతోందని కిందటి వారం అడిగాను. హార్డ్ డిస్క్ పోయి ఉంటుందని చాలామంది అన్నారు. డిస్క్ బాగానే ఉంది.

ఒకరు చెప్పినట్టు ముందు మెమరీలో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్ నడిపాను. తెర నిండా తప్పులు చూపే ఎర్రటి వరుసలు! మెమరీ (ర్యామ్) కార్డులు ఊడదీసి చూస్తే వాటి అంచులు నల్లబడి ఉన్నాయి. మాది విశాఖపట్నంలోని పెద వాల్తేరు. ఏడాది పొడవునా సముద్రపు గాలి తగులుతుంది, అదే కారణమని నా నమ్మకం. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, తిరిగి బిగించాను. రాత్రంతా పరీక్షించినా ఒక్క తప్పూ రాలేదు. ఇన్‌స్టలేషన్ మొదటి ప్రయత్నంలోనే పూర్తయింది.

కానీ అప్‌డేట్లు రాలేదు. అప్‌డేట్ల జాబితాలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని సందేశం. చూస్తే గడియారం 2009లో ఉంది! కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ. అది మూడు వోల్టులు ఇవ్వాలి, మాది రెండు కూడా ఇవ్వడం లేదు. తేదీ వెనక్కి పోతే కొత్త జాబితాలను, వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలను సిస్టమ్ నమ్మదు. ద్వారకా నగర్‌లో కొత్త బ్యాటరీ కొని వేశాను, అంతే.

మెమ్‌టెస్ట్ సంగతి చెప్పినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న నాన్నగారు తన పాత ఫొటోలన్నీ తెరిచి చూసుకున్నారు. ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రంలో మాత్రం ఇంకా శబ్దం రావడం లేదు. ఈ ఆదివారం దాని పని చూస్తాను.