ఆరాధనలో దృష్టి దేవుని మీద నిలవాలంటే సంఘం ఏం చేయాలి?

ప్రశ్న: తెనాలి గాయకుడు

ప్రభువు నామమున అందరికీ వందనములు. మా సంఘంలో ఆదివారపు ఆరాధనకు పాటలు ఎంపిక చేసి నడిపించే పనిని పెద్దలు ఈ మధ్య నాకు అప్పగించారు. పని చేతికి వచ్చినప్పటి నుంచి, మన ఆరాధన అసలు ఎవరి చుట్టూ తిరుగుతున్నదనే సందేహం నన్ను వదలడం లేదు.

ఆరాధన మొదట్లో చాలాసేపు పాటలే సాగుతాయి. వాటిలో నా కన్నీరు, నా శత్రువులు, నాకు రాబోయే మేలు, నా తల పైకెత్తబడే రోజు పదే పదే వస్తాయి గాని, సిలువ గురించి, పునరుత్థానం గురించి, సృష్టికర్తగా దేవుని గురించి పాడే పాట ఏ పండుగకో తప్ప రాదు. పాటకూ పాటకూ మధ్య నాయకుడు “ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టండి, పక్కవారికి చెప్పండి” అంటూ సంఘాన్ని ఉత్సాహపరుస్తూ ఉంటాడు. తర్వాత వీసా వచ్చిందనో స్థలం రిజిస్ట్రేషన్ అయిందనో సాక్ష్యాలు, ఆ తర్వాత పుట్టినరోజుల ప్రార్థనలు, అతిథి వస్తే శాలువా. వాక్యపఠనం మాత్రం ప్రసంగానికి అవసరమైన రెండు మూడు వచనాలతో సరి.

పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తప్ప మరేవీ పాడకూడదని కొందరు పెద్దలు అంటున్నారు. అలా చేస్తే యౌవనస్థులు మిగలరని మా బృందం అంటున్నది. పాటలో ‘నేను, నా’ ఉన్నంత మాత్రాన అది మన మీద దృష్టి పెట్టిన పాట అవుతుందా? ఆచరణలో ఏం మార్చవచ్చు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సంఘకాపరి, కృష్ణా జిల్లా

బాబూ, ‘నేను’ అనే మాటను లెక్కపెట్టి పాటలను వడకడితే ముందుగా పోయేది కీర్తనల గ్రంథమే. లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడూ తన గురించే చెప్పుకున్నాడు, పన్ను వసూలు చేసే సుంకరీ తన గురించే చెప్పుకున్నాడు. పరిసయ్యుడి ప్రార్థనలో దేవునికి చేయవలసిన పని ఏదీ మిగలలేదు. ఉపవాసం, దశమభాగం, నీతి అన్నీ తానే సమకూర్చుకొని వచ్చాడు. “పాపినైన నన్ను కరుణించుము” అన్నవాడి మాటలో మాత్రం దేవుడు కరుణించకపోతే ఆ ‘నేను’కు నిలిచే చోటే లేదు. మీ పాటల పుస్తకం తెరిచినప్పుడు ఈ తేడా కోసం వెతకండి. పాట ముగిసేసరికి దేవుడు ఎవరో, ఏం చేశాడో పాడినవారికి తెలిసిందా, లేక తమకు ఏం కావాలో మాత్రమే మరొకసారి గుర్తుకు వచ్చిందా?

73వ కీర్తన ఇందుకు చక్కని ఉదాహరణ. దాన్ని రచించిన ఆసాపు సగం కీర్తన వరకు భక్తిహీనుల క్షేమాన్నీ తన బాధనూ చెప్పుకుంటూనే ఉంటాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోనికి వెళ్లిన తరువాతనే అతని చూపు మారుతుంది, మారిన తరువాత “ఆకాశమందు నీవు తప్ప నాకెవరున్నారు” అంటాడు. బాధను బయట వదిలి లోపలికి రమ్మని ఎవరూ అతనికి చెప్పలేదు; బాధతోనే వచ్చాడు, కాని బాధ దగ్గరే ఆగిపోలేదు. నేటి పాటల్లో చాలావాటికి మొదటి సగం ఉంటుంది, రెండో సగం ఉండదు. ఇది పాత, కొత్త అనే తగవు కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనల్లోనూ ‘నేను’ నిండుగా ఉంటుంది, అయితే అక్కడ ఆ ‘నేను’ చేతులు చాచి నిలబడినవాడు.

ఇక క్రమం సంగతి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఎవరి అలవాట్లతో వారు వచ్చారు. 1950లో సిద్ధమైన ప్రభు రాత్రి భోజన క్రమం వారందరికీ ఒక ఉమ్మడి ఆరాధనను ఇచ్చింది. ఆ క్రమంలో సంఘం పలకవలసిన మాటలు ఎక్కువ. ఒకరికొకరు సమాధానం చెప్పుకొనే సమాధాన వందనం కూడా ప్రభువు బల్ల దగ్గర మొదలై చేతి నుంచి చేతికి సంఘమంతటా సాగుతుంది. ఆ ఆదివారం కాపరికి ఉత్సాహం ఉన్నా లేకపోయినా, గాయకునికి గొంతు బాగున్నా బాగోలేకపోయినా, పాపపు ఒప్పుకోలు, పాత నిబంధన పాఠం, సువార్త పాఠం, విశ్వాస ప్రమాణం, ఇతరుల కొరకైన ప్రార్థన, ప్రభువు బల్ల తప్పకుండా వస్తాయి. మనకు ఇష్టమైనది మాత్రమే ఎంచుకొనే వీలు ఉండదు కనుక, మనం మరచిపోయే దేవుని కార్యాలను క్రమమే గుర్తుచేస్తుంది. దాన్ని బండగా చదివేవారు ఉన్నారు, ఆ నిందను నేను కాదనను. కాని ముద్రిత క్రమాన్ని యాంత్రికంగా చదివినా అందులో క్రీస్తు మరణ పునరుత్థానాల ప్రకటన ఉంటుంది. నాయకుడి ఇష్టానికి వదిలిన ఆరాధన యాంత్రికమైతే అందులో ఏం ఉంటుందో చెప్పలేం.

మీది స్వతంత్ర సంఘమైతే క్రమమంతా అరువు తెచ్చుకోనక్కరలేదు. ఒక కీర్తనను వచనం వెంట వచనం నాయకుడూ సంఘమూ మార్చి మార్చి చదవండి. 136వ కీర్తనతో మొదలుపెట్టండి, దాని 26 వచనాల్లో సంఘం పలకవలసిన మాట ఒక్కటే కనుక అక్షరాలు రానివారు కూడా చేరగలరు.

జవాబు: చాపల మీద కూర్చునే సహోదరుడు, హైదరాబాదు

అయ్యగారి మాటల్లో పాటల గురించి చెప్పినది పూర్తిగా ఒప్పుకుంటాను. క్రమం విషయంలో మాత్రం నా అనుభవం వేరు. నేను సువార్తికుడు బక్త్ సింగ్ (1903–2000) గారి పరిచర్య వల్ల ఏర్పడిన సహవాసంలో పెరిగాను. మాకు ముద్రిత క్రమం లేదు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటాము, ఆరాధన సమయంలో సహోదరులూ సహోదరీలూ ఒకరి తరువాత ఒకరు లేచి ప్రభువును స్తుతిస్తారు, తరువాత రొట్టె విరుస్తాము, ఆ తరువాతనే వాక్యోపదేశం. వేదిక మీద ఒకరు, కింద చూసేవారు కొందరు అనే ఏర్పాటే లేనప్పుడు, దృష్టి మనుషుల మీదకు పోయే దారుల్లో ఒకటి మొదటే మూసుకుపోతుంది. ఇంకో సంగతి, మా పెద్దలు ఆ సమయంలో అడుగుకోలు వద్దని పట్టుబట్టేవారు. మన అవసరాలకు ప్రార్థన కూటం వేరే ఉన్నది, రొట్టె విరవబోయే ముందు మాత్రం ఆయన ఎవరో, ఏం చేశాడో అదే చెప్పాలని వారి ఉద్దేశం.

అయితే స్వేచ్ఛకు దాని జబ్బు దానికి ఉన్నది. స్తుతి అని మొదలుపెట్టి, “ప్రభువా, నీకు తెలుసు, ఈ సంఘంలో కొందరు...” అంటూ ఎదుటివారికి బుద్ధి చెప్పే ప్రార్థనలు నేను విన్నాను. కళ్లు మూసుకొని దేవునితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, వినవలసినవాడు మూడో వరుసలో ఉంటాడు. మరికొందరు తమకు ఎన్ని వచనాలు కంఠస్థమో వినిపించడానికే లేస్తారు. ఇందుకు అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఇచ్చిన కొలత చాలు. ఒకడు కీర్తనతో, ఇంకొకడు బోధతో వచ్చినా సమస్తమూ సంఘం కట్టబడడానికే జరగాలి, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి, అవసరమైతే ఊరకుండాలి. ఊరకుండడాన్ని పౌలు ఆజ్ఞగా చెప్పాడు గాని మనమే దాన్ని లోటుగా చూస్తున్నాము. పాట ముగియగానే కీబోర్డు సన్నగా మోగుతూనే ఉండాలనే నియమం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. తెనాలి సహోదరుడు ఒక్క ఆదివారం పాటల మధ్య మాటలూ వాయిద్యాలూ ఆపి, కొన్ని నిమిషాలు సంఘాన్ని మౌనంగా ఉండనిచ్చి చూడాలి.

జవాబు: ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

పెద్దలు చెప్పినవి బాగున్నాయి గాని, ప్రశ్నలో సాక్ష్యాల గురించిన ధోరణి నాకు కొంత ఇబ్బందిగా ఉన్నది. మా ఊరి సంఘంలో ఎక్కువమంది కూలికి వెళ్లే స్త్రీలు. వారంలో మిగిలిన రోజుల్లో వారి మాటను ఎవరూ కూర్చొని వినరు. ఆదివారం మైకు చేతికి వచ్చినప్పుడు, జ్వరంతో ఉన్న బిడ్డ లేచి తిరుగుతున్నదని, తాగుడు మానిన భర్త ఈ వారం కూలి డబ్బు ఇంటికి తెచ్చాడని ఒకామె చెబితే, అది తన మీద దృష్టి పెట్టుకోవడమని నేను అనలేను. దేవుడు ఏం చేశాడో తనకు తెలిసిన చోటు నుంచి ఆమె చెబుతున్నది.

సాక్ష్యం ఎలా ఉండాలో బైబిలే నేర్పుతుంది. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో రైతు ప్రథమ ఫలాల గంపతో వచ్చి, తన పొలం గురించీ కష్టం గురించీ కాకుండా, దిక్కులేక తిరిగిన తన పితరుని దగ్గర, ఐగుప్తు దాస్యం దగ్గర మొదలుపెట్టి, యెహోవా తమ మొర విని విడిపించాడని చెప్పి, చివరికి ఒక్క వాక్యంలో తన పంట మాట ఎత్తుతాడు. సమూయేలు తల్లి హన్నా పాట తన హృదయం సంతోషిస్తున్నదని మొదలవుతుంది గాని, కొద్ది వచనాల్లోనే దరిద్రులను మంటిలోనుండి ఎత్తే దేవుని దగ్గరికి చేరుతుంది. తన కుమారుడి పేరు కూడా అందులో ఉండదు. మా సంఘంలో స్త్రీల కూడికలో ఈ రెండు భాగాలనూ చదివించి, “నీకు జరిగినది చెప్పు, ఆ తరువాత అది చేసిన దేవుడు ఎలాంటివాడో ఒక మాట చెప్పు” అని నేర్పిస్తున్నాము. వీసా సాక్ష్యాన్ని కూడా ఇలా చెప్పవచ్చు, దాన్ని వెక్కిరించనక్కరలేదు.

ఇక మన మీద మనం దృష్టి పెట్టుకోవడం పాటల్లోనే వెతకడం ఎందుకు? కొరింథులో కొందరు ముందుగా తిని మత్తులై, పేదలు ఆకలితో ఉండిపోయినప్పుడు, మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చి చెప్పాడు. అక్కడ పాటలు ఎలాంటివో ఆయన అడగలేదు. మెరుగు వస్త్రాలవాడికి మంచి స్థలం, దరిద్రుడికి పాదపీఠం దగ్గర చోటు చూపడాన్ని యాకోబు పత్రిక 2వ అధ్యాయం తప్పుపట్టింది. క్రిస్మస్ ఆరాధనలో ముందు వరుసలో సోఫాలు వేసి, నాయకుడు ఆలస్యంగా వస్తే పాట ఆపి, పూలదండ వేసి, ఆయన ప్రసంగం వినే సంఘాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. శాలువా కప్పవలసి వస్తే ఆరాధన ముగిశాక బయట చెట్టు కింద కప్పవచ్చు. తెనాలి తమ్ముడు పాటల జాబితా మార్చే ముందు ఆ సోఫాల సంగతి పెద్దలతో మాట్లాడితే బాగుంటుంది. ధైర్యం కావలసిన పని అదే.

తెనాలి గాయకుడు:

అందరికీ కృతజ్ఞతలు. సోఫాల విషయం పెద్దల సమావేశంలో ఎత్తుతాను, ఏమంటారో చూడాలి. సాక్ష్యాల గురించి అక్క చెప్పినది నేను ఆలోచించని కోణం. ఒక సందేహం మిగిలింది. మా బృందం పాడుతుంటే సంఘం పాడడం తగ్గిపోయింది, చాలామంది నిలబడి చూస్తారు. ఇది కూడా దీనికి సంబంధించినదేనా?

జవాబు: మిక్సర్ దగ్గరి మనిషి, విశాఖపట్నం

పూర్తిగా సంబంధించినదే, పైగా అన్నిటికంటే సులువుగా సరిదిద్దగలిగినది. సంగీతం మనసును లాగుతుందనే భయం కొత్తది కాదు. నాలుగో శతాబ్దంలో మిలాను సంఘపు పాటలకు కన్నీరు పెట్టిన వేదాంతి అగస్టీను, పాడబడిన సత్యం కంటే పాడే గొంతే తనను ఎక్కువ కదిలించినప్పుడు తాను పాపం చేసినట్టేనని వ్రాసుకున్నాడు. అలాగని సంఘంలో పాట వద్దనలేదు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1761లో పాటల పుస్తకంతో పాటు ఇచ్చిన సూచనల్లో, అందరూ పాడాలని, మిగిలినవారి గొంతులను మించి వినబడేలా అరవకూడదని, పాడే ప్రతి మాటలోనూ దేవుని మీద దృష్టి ఉంచాలని చెప్పాడు. మన బృందాలన్నీ రెండో సూచన దగ్గరే తప్పిపోతున్నాయి.

నేను చేసేది ఇది. ఆరాధన జరుగుతుండగా హాలు మధ్యలో, వెనుక వరుసల దగ్గర నిలబడి వింటాను. నా పక్కనున్న ముసలమ్మ గొంతు నాకు వినబడకపోతే స్పీకర్ల శబ్దం ఎక్కువైనట్టే, అప్పుడు ముందుగా డ్రమ్స్ ప్యాడ్, తరువాత బృందంలోని ముఖ్య గాయకుడి మైకు తగ్గిస్తాను. చివరి చరణంలో వాయిద్యాలన్నీ ఆపించి సంఘం గొంతు ఒక్కటే ఉండనిస్తాను. మొదట్లో మా గాయకులు నొచ్చుకున్నారు, ఇప్పుడు వారే చెయ్యెత్తి సైగ చేస్తున్నారు. ప్రత్యక్ష ప్రసారం ఉంటే కెమెరాను గాయకుల ముఖాల మీద దగ్గరగా పెట్టవద్దు. పాట మాటలు తెర మీద ఉంచండి, ఇంట్లో ఉన్నవారు కూడా పాడాలి కదా.

శ్రుతి మరీ ముఖ్యం. యూట్యూబులో విన్న పాటను అదే శ్రుతిలో ఎత్తుకుంటారు. అది స్టూడియోలో సాధన ఉన్న గొంతు కోసం పెట్టిన శ్రుతి. పల్లవి దాటి అనుపల్లవిలో స్వరం పైకి వెళ్లగానే మగవారు ఆగిపోతారు, తరువాత ఆడవారు, చివరికి బృందం ఒక్కటే మిగులుతుంది. ఆడవారు పాడే స్థాయిలో చూస్తే, పాటలోని అతి పై స్వరం కీబోర్డు మధ్యనున్న సి కి పై సి, మహా అయితే డి దాటకుండా ఉంటే సంఘమంతా పాడగలదు. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో రెండు మూడు మెట్లు దించండి. మీ గాయకుడికి పాట కొంచెం చప్పగా అనిపిస్తుంది, ఒప్పించవలసింది అతన్నే.