గ్యారేజీకి కరెంటు పెంచాలి, పాత వైరుకే 32 ఆంప్ బ్రేకర్ వేస్తే సరిపోతుందా?

చిత్రికపట్టు, లెస్టర్

అందరికీ నమస్కారం. మాది ఇంగ్లండ్‌లో 1970లలో కట్టిన సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉంటుంది. గ్యారేజీ ఇంటిని ఆనుకుని లేదు, పెరటి చివర ఉంది. టేపుతో కొలిస్తే 25 మీటర్లు. అక్కడికి కరెంటు వంటింటి సాకెట్ల లైను నుంచే వెళుతుంది. గోడ మీద 13 ఆంప్ ఫ్యూజున్న స్విచ్చు, దాని నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం బూడిదరంగు వైరు. దాన్ని కంచె చెక్కలకి క్లిప్పులు కొట్టి తీసుకెళ్లారు. ఇల్లు కొన్నప్పటికే అలా ఉంది.

మా నాన్న తెనాలిలో వడ్రంగి. ఆయన పోయాక చిత్రికలు, ఉలులు కొన్ని ఇక్కడికి తెచ్చుకున్నాను. వాటితో మా పాపకి మంచం చేద్దామని మొదలుపెట్టి, 1.8 కిలోవాట్ల టేబుల్ రంపం కొన్నాను. చలికి తట్టుకోలేక పక్కన 2 కిలోవాట్ల హీటరు పెట్టాను. రెండూ కలిపి ఓ అరగంట నడిచాక, వంటింట్లో కాలిన వాసన వస్తోందని మా ఆవిడ కేకేసింది. వెళ్లి స్విచ్చు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ప్లాస్టిక్ అంచు గోధుమరంగుకి తిరిగింది. ఫ్యూజు మాత్రం పోలేదు, అదే నాకు అర్థం కావడం లేదు. ఆ రోజే గ్యారేజీ లైను ఆపేశాను.

ఒకాయన వచ్చి చూసి, ఫ్యూజు తీసేసి ఇంటి బోర్డులో 32 ఆంప్ బ్రేకర్ నుంచి అదే వైరుకి ఇస్తే చాలు, గంటలో అయిపోతుంది అన్నాడు. ఇంకొకాయన కొత్త ఆర్మర్డ్ కేబుల్ (లోపల స్టీలు తీగల తొడుగున్నది), కొత్త బోర్డు కలిపి 1,900 పౌండ్లు చెప్పాడు. నాకిప్పుడు కావాల్సింది రంపం, హీటరు, ఒక ఫ్రీజరు, లైట్లు. రెండేళ్లలో ఎలక్ట్రిక్ కారు కొనాలని ఉంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ గ్యారేజీ బోర్డు కూడా కొన్నాను, అది వాడొచ్చా?

కొవెంట్రీ బాబాయ్

బాబూ, నేను ఆరేళ్ల క్రితం కేబుల్ వేయించాను. తవ్వే కూలీ తగ్గుతుందని జానెడు లోతులోనే పెట్టించాను. తర్వాత మా అబ్బాయి గులాబీ మొక్క నాటుతూ పార దించాడు. ఆర్మర్డ్ కేబుల్ కాబట్టి వాడికి ఏమీ కాలేదు. మళ్లీ తవ్వించి రెండడుగుల లోతుకి దింపాను. లోతు దగ్గర మాత్రం పొదుపు చెయ్యకు.

మెయిన్ స్విచ్, బర్మింగ్‌హామ్

అండీ, నేను ఇక్కడ 11 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ 32 ఆంప్ మాట మర్చిపోండి. మీ రంపం, హీటరు కలిపితే 3.8 కిలోవాట్లు. 230 వోల్టుల మీద అది దాదాపు 16.5 ఆంపియర్లు. 13 ఆంప్ ఫ్యూజు అంత కొంచెం ఎక్కువకి వెంటనే పోదు, చాలాసేపు మోస్తుంది. ఆ సేపంతా ఎక్కడ స్క్రూ వదులుగా ఉందో అక్కడ వేడి పుట్టింది. బ్రేకర్ కూడా అంతే. 32 అని రాసి ఉన్నది 36 దాకా పడకుండా మోస్తూనే ఉంటుంది. మీ 2.5 వైరు బయట గాలి తగిలేలా ఉంటేనే 27 ఆంపియర్లు తట్టుకుంటుంది. అంటే బ్రేకర్ పడేలోపు వైరు మాడుతుంది. పసిపిల్ల ఉన్న ఇల్లు, ఆ పని చేయించకండి.

పని మీటర్ దగ్గర మొదలవ్వాలి. మెయిన్ ఫ్యూజు డబ్బా మీద 60 ఉందా, 80 ఉందా, 100 ఉందా చూసి ఫొటో పెట్టండి. సీలు మాత్రం ముట్టుకోవద్దు, దాన్ని తెరిచే హక్కు నెట్‌వర్క్ సంస్థదే. మీ వైపు అయితే నేషనల్ గ్రిడ్ ఎలక్ట్రిసిటీ డిస్ట్రిబ్యూషన్. బాత్రూంలో ఎలక్ట్రిక్ షవర్ ఉంటే దాని కిలోవాట్లు కూడా చెప్పండి. షవర్‌కి 40, కారు చార్జర్‌కి 32 ఒకేసారి పడితే 60 ఆంప్ ఫ్యూజుకి మించిపోతుంది.

ఇక కేబుల్. కారుతో కలిపి గ్యారేజీకి 50 ఆంపియర్లు అనుకుందాం. 6 స్క్వేర్ ఎంఎం ఆర్మర్డ్ వేస్తే ఆంపియరుకి, మీటరుకి 7.3 మిల్లీవోల్టులు పోతాయి. 25 మీటర్లకి 9 వోల్టులు దాటుతుంది, దాదాపు 4 శాతం. లైట్లకి 3 శాతం, మిగతావాటికి 5 శాతం మించకూడదని పద్ధతి. 10 స్క్వేర్ ఎంఎంలో 4.4 మిల్లీవోల్టులే, మొత్తం 5.5 వోల్టులు, అంటే 2.4 శాతం. నేనైతే 10 వేస్తాను. తవ్వేది ఒక్కసారే కదా.

ప్లాస్టిక్ బోర్డు వాపసు ఇచ్చేయండి. 2016 జనవరి నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే కన్స్యూమర్ యూనిట్, అంటే బ్రేకర్లుండే బోర్డు, మంటకి అంటుకోనిదై ఉండాలి. అందుకే ఇప్పుడంతా స్టీలు డబ్బాలే. గ్యారేజీ బోర్డులో ప్రతి లైనుకీ విడిగా ఆర్సీబీఓ పెట్టించండి, అంటే లోడు ఎక్కువైనా, లీకేజీ వచ్చినా ఆ ఒక్క లైనునే ఆపే బ్రేకర్. అన్నిటికీ కలిపి ఒకే ఆర్సీడీ (లీకేజీ వస్తే ఆపే స్విచ్చు) పెడితే, రంపం దగ్గర లీకేజీ వచ్చినప్పుడు ఫ్రీజరు కూడా ఆగుతుంది, మీరు ఊళ్లో లేకపోతే అందులో ఉన్నదంతా పాడవుతుంది. రంపం మోటారు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. బ్రేకర్ టైప్ బి అయితే దాని మీద రాసిన ఆంపియర్లకి 3 నుంచి 5 రెట్లకే పడిపోతుంది, టైప్ సి 5 నుంచి 10 రెట్లకి. అయితే టైప్ సి వెయ్యాలంటే ఎర్త్ లూప్ రీడింగు (లీకైన కరెంటు ఎర్త్ దారిలో తిరిగి వెళ్లేటప్పుడు ఎదురయ్యే అడ్డు) ఇంకా తక్కువ ఉండాలి, కొలవకుండా వెయ్యకూడదు.

ఎర్త్ సంగతి ఇక్కడ చాలామంది పట్టించుకోరు. మన ఊళ్లో ఇంటి పక్కన గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పెడతాం. ఇక్కడ ఎక్కువ ఇళ్లకి న్యూట్రల్, ఎర్త్ వీధిలో ఒకే తీగగా వస్తాయి, పీఎంఈ అంటారు. ఆ తీగ వీధిలో ఎక్కడైనా తెగితే కారు బాడీకి కరెంటు రావచ్చు. తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే ప్రాణాపాయం. కాబట్టి ఆ తెగుదలని కనిపెట్టి ఆగిపోయే చార్జర్ కొనండి, లేదా చార్జర్‌కి విడిగా ఎర్త్ రాడ్ వేయించండి.

కొత్త సర్క్యూట్ వేస్తే ఇంగ్లండ్‌లో పార్ట్ పీ అనే ఇంటి వైరింగు నిబంధన కింద కౌన్సిల్‌కి తెలియాలి. ఎన్ఐసీఈఐసీ, న్యాపిట్ లాంటి ఎలక్ట్రీషియన్ల నమోదు సంస్థల్లో ఉన్న మనిషి అయితే తనే తెలియజేసి మీకు సర్టిఫికెట్ పంపిస్తాడు. ఆ 32 ఆంప్ ఆయన్ని సర్టిఫికెట్ ఇస్తావా అని అడిగి చూడండి.

చిత్రికపట్టు, లెస్టర్

అన్నా, చాలా థాంక్స్. రెండు నెలల తర్వాత రాస్తున్నాను. ఫ్యూజు 60. షవర్ 9.5 కిలోవాట్లు. నెట్‌వర్క్ వాళ్లు వచ్చి చూసి, మా సర్వీసు లైను పక్కింటి లైను నుంచి లూపుగా వస్తోందని, ముందు దాన్ని విడదీయాలని చెప్పారు. పక్కింటి పెద్దావిడ తన వాకిలి తవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ నాలుగు రోజులూ ఆవిడ సామాన్లు నేనే తెచ్చి ఇచ్చాను. ఇప్పుడు 100 ఆంప్ ఫ్యూజు, మీటరుకి 25 స్క్వేర్ ఎంఎం వైర్లు, గ్యారేజీకి 10 స్క్వేర్ ఎంఎం కేబుల్. 600 మిల్లీమీటర్ల లోతు, పైన పసుపు హెచ్చరిక టేపు. బాబాయ్ మాట కూడా విన్నాను.

రంపం, హీటరు, రెండూ వేసి కొలిపించాను. ఇంటి దగ్గర 241, గ్యారేజీలో 239.

మెయిన్ స్విచ్, బర్మింగ్‌హామ్

మంచి రీడింగు. పాత వైరు వంటింటి వైపు నుంచి కూడా తీయించారా? కంచె దగ్గర కోసేసి వదిలితే అందులో కరెంటు అలాగే ఉంటుంది.

చిత్రికపట్టు, లెస్టర్

తీయించాను అన్నా. కాలిన స్విచ్చు కూడా తీసేసి ఖాళీ ప్లేటు బిగించారు. మంచానికి నాలుగు కాళ్లూ అయ్యాయి, తలవైపు పలక మిగిలింది.