నా ఇద్దరు హీరోల ప్రేమకి సముద్రమే అడ్డొస్తోంది, ఏం చేయను?

సముద్రం పక్కన చిన్న ఊళ్లో జరిగే గే ప్రేమకథ రాస్తున్నాను, ఈ కాలం కథే. ఒకతను పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, ఇంకొకతను సీజన్ అయిపోయి ఖాళీగా పడున్న వాళ్ల నాన్న లాడ్జిని అమ్మేద్దామని వచ్చాడు. ఇద్దరూ రోజూ సాయంత్రం ఆరింటికి, నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే ఇసుక దిబ్బ మీద కలుస్తారు. ఒకడి చేతికి గ్రీజు వాసన, ఇంకొకడి జేబులో లాడ్జి తాళాల గుత్తి, బాగానే కుదిరింది అనుకున్నాను.

మొన్న చదివిన ఫ్రెండ్ ఒక్క మాటతో గాలి తీసేశాడు. ఆటుపోట్లు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి కదా, వారం తిరిగేసరికి నీ హీరోలు ఆరింటికి పీకల్లోతు నీళ్లలో ఉంటారు అన్నాడు. నిజమే! పదకొండు అధ్యాయాలు అలాగే రాసేశాను.

కలిసే టైమ్ కూడా రోజూ జరుగుతూ పోయేలా మారిస్తే, ఒకరోజు పనివేళ, ఇంకోరోజు అర్ధరాత్రి, ఎవరైనా చూస్తారన్న టెన్షన్ కూడా వస్తుంది కానీ సగం నవల తిరగరాయాలి. లేకపోతే దిబ్బనే తీసేయాలా?

ఇంకోటి, ఇంట్లో తెలిసిపోయి విడిపోవడం నాకు ఇష్టం లేదు, అరిగిపోయిన రికార్డు అది. లాడ్జి అమ్మకం మీద వచ్చే గొడవ ఒక్కటే వాళ్లని కొన్నాళ్లు దూరం చేయడానికి సరిపోతుందా? చివర్లో మాత్రం కలుస్తారు, అది మార్చమని అడగొద్దు.