అంగ వంగ కళింగ… తర్వాత?

పిల్లకాకి: తూర్పు రాష్ట్రాల పాత చరిత్ర చదువుతుంటే చిన్నప్పటి వరస ఒకటి నోట్లో తిరుగుతోంది. "అంగ వంగ కళింగ" దాకా వస్తుంది. ఆ పైన పుండ్రా, ఉత్కళా? అంగం భాగల్పూర్ వైపు, వంగం గంగ డెల్టా. మిగతావి మ్యాపులో కుదరడం లేదు.

పాతగంటం: పుండ్ర, సుహ్మ. మహాభారతంలో దీర్ఘతముడనే ఋషి కథలో ఈ పేర్ల కొడుకులు ఐదుగురే. ఉత్కలుడు అక్కడ లేడు. అయినా అది ఉత్కల. ళ ఎక్కడిదండీ?

కొండగాలి: ఒడియావాళ్లదే. ఉత్కళ, కళింగ రెండూ ళతోనే రాసుకుంటారు. పేరు వాళ్లది కదా గంటం గారూ!

పాతగంటం: జాతీయగీతంలో ల ఉంది మరి.

కొండగాలి: బెంగాలీ లిపిలో ళ లేనే లేదు, ఇంకేం రాస్తారు? ఆ లెక్కన వంగని కూడా బంగ అనాలి.

నౌసాధనం: కాళిదాసుని అడగండి. రఘువంశం నాలుగో సర్గలో సుహ్ములు వేతసంలా, అంటే నీటి ప్రబ్బలిలా, వంగి బతికిపోతారు. వంగులు పడవల మీద ఎదురొస్తారు. రఘువు వాళ్లని పీకి మళ్లీ నాటుతాడు, వరినారులాగా. డెల్టా పొలాలు చూడనివాడికి ఆ ఉపమానం తట్టదని నా నమ్మకం. తర్వాత కపిశ నది దాటి "ఉత్కలాదర్శితపథః కలింగాభిముఖో యయౌ". దారి చూపింది ఉత్కలులు, వెళ్లింది కలింగానికి. రెండూ వేరు, ఉత్కలం ఉత్తరాన.

పాతగంటం: మీరూ ల అనే రాశారు.

కొండగాలి: సంస్కృతంలో అంతే. కానీ గాంగ రాజుల రాజధాని కళింగనగరం మన శ్రీకాకుళం ముఖలింగమే. రాజధాని కటకం (కటక్) వెళ్లింది తర్వాత.

పిల్లకాకి: 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మద్రాసు నుంచి వెళ్లిన గంజాం ఏ లెక్క? పుండ్రం సంగతి ఎవరూ చెప్పలేదు.

కొండగాలి: గంజాం కళింగమే, మహేంద్రగిరి ఆ వైపేగా. పుండ్రం ఉత్తర బెంగాల్. రాజధాని మహాస్థాన్‌గఢ్ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడి బ్రాహ్మీ శాసనంలో నగర అనకుండా "నగల" అన్నారు. మాగధి ప్రాకృతంలో ర కూడా ల అయిపోతుంది. గంటం గారు సంతోషిస్తారు.

నౌసాధనం: మహేంద్రం ఎత్తారు కనక, "శ్రియం మహేంద్రనాథస్య జహార న తు మేదినీం". రఘువు మహేంద్రగిరి రాజు సిరి పట్టుకెళ్లాడు, నేల వదిలేశాడు. ఆ "న తు" (కానీ కాదు) దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను.

పాతగంటం: పాదాంతంలో సున్న రాదండీ. మేదినీమ్.

పిల్లకాకి: మరి సుహ్మం?