బందరు అద్దకం బట్టపై ఇంగ్లండ్ నిషేధం: 1700లోనా, 1721లోనా?

సందేహి:
మచిలీపట్నం వైపు నుంచి వెళ్లే రంగుల బట్టను ఇంగ్లండ్ నిషేధించింది కదా. ఒకచోట 1700 అని, ఇంకోచోట 1721 అని ఉంది. ఏది సరైనది? నిషేధమే ఉంటే ఈస్టిండియా కంపెనీ ఆ తర్వాత కూడా ఇక్కడ బట్ట కొంటూనే ఎందుకుంది?

పడుగుపేక:
రెండూ సరైనవే. అవి రెండు వేర్వేరు చట్టాలు.

1700 చట్టం 1701 సెప్టెంబరు 29 నుంచి అమల్లోకొచ్చింది. ఇండియా, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకం, రంగు బట్టలు ఇంగ్లండ్‌లో కట్టకూడదు, వాడకూడదు. ఓడలో తేవడం మాత్రం తప్పు కాదు. సరుకు గోదాములో పెట్టి, మళ్లీ బయటి దేశాలకు పంపేయాలి. కంపెనీ కొంటూనే ఉండటానికి ఒక కారణం ఇదే.

అసలు చిల్లు వేరే ఉంది. తెల్ల బట్ట మీద నిషేధం లేదు. లండన్ అద్దకందార్లు దాన్నే తెచ్చుకుని అక్కడే అచ్చు వేసి అమ్మారు. ఉన్ని, పట్టు నేతగాళ్లకు ఒళ్లు మండింది. 1719లో లండన్ వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది కాలికో (మన నూలు బట్ట) గౌన్లు చించేసేదాకా వెళ్లారు. అందుకే 1721 చట్టం: అచ్చు ఎక్కడ వేసినా సరే, కడితే 5 పౌండ్ల జరిమానా, అమ్మితే 20. పూర్తి నీలం బట్ట, మస్లిన్ (పలచని నూలు బట్ట), ఫస్టియన్ (నార, నూలు కలిపి నేసినది)లకు మినహాయింపు.

సందేహి:
మరి వాళ్లే నూలు బట్ట నేసుకోవచ్చుగా?

పడుగుపేక:
నేయలేకపోయారు. వాళ్లు వడికిన నూలు పేకకు (అడ్డ పోగుకు) పనికొచ్చేది గానీ, మగ్గం మీద బిగించి లాగితే పడుగు (నిలువు) పోగు తెగేది. అందుకని పడుగు అవిసె నార, పేక నూలు. ఫస్టియన్ అంటే అదే. 1736లో దాని మీద అద్దకానికి స్పష్టంగా అనుమతిచ్చారు. ఆర్క్‌రైట్ 1769లో పేటెంట్ తీసుకున్న వాటర్ ఫ్రేమ్ అనే నూలు వడికే యంత్రంతో పడుగుకు ఆగే నూలు దొరికింది. 1774లో ఇంగ్లండ్‌లో నేసిన అచ్చ నూలు బట్టకు నిషేధం ఎత్తేశారు. అంటే 1721 నుంచి యాభై ఏళ్ల పైచిలుకు వాళ్ల బట్టకు మన అద్దకం పోటీ లేని బజారన్నమాట!

చిరివేరు:
రంగు సంగతి కూడా చెప్పాలి. మన అద్దకంలో ఎరుపు పైన పూసేది కాదు. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉండబట్టి గీత చెదరదు. పాలు పలచనైతే అంచులు పాకిపోతాయి. నలుపుకు తుప్పినుము, బెల్లం ఊరబెట్టిన కసింకారం, ఎరుపుకు పటిక నీళ్లు. తర్వాత చిరివేరుతో (ఎరుపు రంగిచ్చే మొక్క వేరు) ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట అంటుకున్న లేత రంగును పేడనీళ్లు, ఎండ లాగేస్తాయి. నీలానికి మాత్రం, అక్కర్లేని చోటంతా మైనం రాసి నీలిమందు తొట్టిలో ముంచాలి.

ఈ కిటుకు కోసమే యూరప్ వెంటపడింది. విలియం షెర్విన్ 1676లోనే ఇంగ్లండ్‌లో కాలికో అద్దకానికి పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా ఈ బట్టను నిషేధించినా, 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాద్రీ కోరమండల్ నుంచి పద్ధతంతా ఉత్తరంలో రాసి పంపాడు.

పడుగుపేక:
అవును. ఇంకొక్క మాట: నిషేధం వల్లే మన నేత కూలిందని ఎవరైనా అనుకుంటే అది తొందరపాటు. 18వ శతాబ్దంలోనూ ఎగుమతులు సాగాయి. మిల్లు బట్ట మన సంతల్లోకి దిగింది 19వ శతాబ్దంలో.